మల్టీ-రిజల్యూషన్ లైటింగ్: కాంతిని తక్కువ పిక్సెళ్లలో లెక్కించినా అంచులు పదునుగా ఎలా నిలుస్తాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ దగ్గర డిఫర్డ్ రెండరర్ ఉంది, అంటే మొదట ప్రతి పిక్సెల్ ఉపరితల వివరాలని జీ-బఫర్‌లో రాసుకుని, కాంతిని తర్వాత లెక్కించేది. రిఫ్లెక్టివ్ షాడో మ్యాప్ (దీపం వైపు నుంచి చూసిన, వెలిగిన ఉపరితలాల చిత్రం) నుంచి 256 వర్చువల్ పాయింట్ లైట్లు (వీపీఎల్, అంటే ఆ ఉపరితలాల మీద పెట్టిన ఊహా దీపాలు) తీసి, ఒక బౌన్స్ పరోక్ష కాంతిని, అంటే ఒక్కసారి తగిలి తిరిగొచ్చే వెలుగుని లెక్కిస్తున్నారు. 1080పీలో అది మరీ నెమ్మదిగా నడుస్తోందని సగం రిజల్యూషన్‌కి దించితే వస్తువుల అంచుల చుట్టూ వెలుగు చారలు వచ్చాయి. తర్వాత మిన్-మ్యాక్స్ డెప్త్ మిప్‌మ్యాప్ (ఒక్కో గడిలో కెమెరా నుంచి కనిష్ఠ, గరిష్ఠ దూరాలని ఉంచుతూ మెట్టుమెట్టుకీ సగమయ్యే చిత్రాల వరస) కట్టి, అవసరమైన చోటే చిన్న గడులుగా విడగొట్టే పద్ధతికి మారారు. ఇప్పుడేమో చదునైన గోడ మీద గళ్లు కనిపిస్తున్నాయి, దూరంగా సాగిపోయే నేల మొత్తం అనవసరంగా ఫుల్ రిజల్యూషన్‌కి వెళ్లిపోతోంది. అసలు తక్కువ రిజల్యూషన్‌లో లెక్కించిన లైటింగ్ చివరికి పదునుగా ఎలా కనబడుతుందని అడిగారు. మొదట దానికే జవాబు చెప్తాను. అది తెలిస్తే మిగతా రెండూ ఎక్కడ తప్పుతున్నాయో మీకే కనిపిస్తుంది.

1920×1080 అంటే 20,73,600 పిక్సెళ్లు. ఒక్కోదానికి 256 లైట్లు చూస్తే ఫ్రేముకి 53 కోట్లకు పైగా లెక్కలు. సెకనుకి 60 ఫ్రేములు కావాలంటే అన్ని పనులకూ కలిపి మనకున్నది 16.6 మిల్లీసెకన్లే. అదే 480×270లో అయితే శాంపిళ్లు 1,29,600, లెక్కలు 3.3 కోట్లు. తేడా 16 రెట్లు. ఆ 53 కోట్లలో ఎన్ని లెక్కలు మనకు కొత్త సంగతి చెబుతున్నాయి అన్నది ఇక్కడ అడగాల్సిన ప్రశ్న. ఒకే గోడ మీద పక్కపక్కనున్న రెండు పిక్సెళ్లలో పరోక్ష కాంతి దాదాపు ఒకటే.

దీనికి కారణం ఉంది. ఒక బిందువు మీద పడే డిఫ్యూజ్ కాంతి (గరుకు ఉపరితలం అన్ని వైపులకీ సమానంగా వెదజల్లేది) అంటే, ఆ బిందువు పైనున్న అర్ధగోళం మొత్తం నుంచి వచ్చే వెలుగుని కొసైన్‌తో తూచి కలిపిన మొత్తం. అంత విశాలమైన ప్రాంతాన్ని కలిపేసరికి సన్నని వివరాలన్నీ కొట్టుకుపోతాయి. దూరపు పరిసరాల నుంచి వచ్చే డిఫ్యూజ్ కాంతిని 9 స్ఫెరికల్ హార్మోనిక్ (దిక్కుని బట్టి మారే విలువని కొద్ది అంకెల్లో రాసే గణిత పద్ధతి) గుణకాలతో చాలా దగ్గరగా పట్టుకోవచ్చని రామమూర్తి, హన్రహాన్ 2001లోనే చూపించారు. అంటే నార్మల్ (ఉపరితలం ఎటు తిరిగి ఉందో చెప్పే దిక్కు) కొద్దిగా మారితే కాంతి కూడా కొద్దిగానే మారుతుంది. స్థానం విషయంలోనూ చాలావరకు అంతే, మరీ దగ్గరి లైట్లను మినహాయిస్తే. వాటి గురించి తర్వాత చెప్తాను.

మరి తెర మీద పదునైన గీత ఎక్కడి నుంచి వస్తోంది? పక్కపక్కనున్న రెండు పిక్సెళ్లలో ఒకటి 3 మీటర్ల దూరంలోని స్తంభానిదీ, ఇంకొకటి 9 మీటర్ల దూరంలోని గోడదీ కావడం వల్ల. కాంతి అక్కడ దూకలేదు, మన చూపు ఒక ఉపరితలం నుంచి ఇంకో ఉపరితలానికి దూకింది. ఆ దూకుడు ఎక్కడుందో చెప్పే సమాచారం మీ జీ-బఫర్‌లో ఇప్పటికే ఫుల్ రిజల్యూషన్‌లో ఉంది. ఈ కుటుంబంలోని పద్ధతులన్నీ నిలబడేది దీని మీదే: కాంతిని తక్కువ చోట్ల లెక్కించు, ఏ పిక్సెల్‌కి ఏ లెక్క చెందుతుందో మాత్రం పూర్తి వివరంతో నిర్ణయించు.

ఇక్కడ అందరూ మొదట సరిచూసుకోవలసింది ఆల్బెడో, అంటే ఉపరితలపు సొంత రంగు. తక్కువ రిజల్యూషన్ బఫర్‌లో నిలవ చేయాల్సింది ఉపరితలం మీద పడిన కాంతి మాత్రమే, అక్కడి నుంచి తిరిగొచ్చిన రంగు కాదు. టెక్స్‌చర్ రంగుతో గుణించి పెట్టారంటే ఇటుకల మధ్య గీతలు కూడా మసకబారిపోతాయి, ఏ అప్‌శాంప్లింగూ (తక్కువ రిజల్యూషన్ నుంచి ఎక్కువకి పెంచడం) వాటిని వెనక్కి తేలేదు. మీ షేడర్‌లో ఆల్బెడో గుణకారం చిట్టచివరి ఫుల్ రిజల్యూషన్ పాస్‌లోనే ఉందో లేదో చూడండి. డీబగ్ చేస్తున్నప్పుడు ఆల్బెడోని తెల్లగా పెట్టి చూస్తే లైటింగ్ తప్పులు దాక్కోవడానికి చోటుండదు.

ఇప్పుడు ఆ వెలుగు చారల సంగతి అంకెల్లో చూద్దాం. సగం రిజల్యూషన్ నుంచి పెంచేటప్పుడు ప్రతి పిక్సెల్ చుట్టూ నాలుగు శాంపిళ్లుంటాయి. బైలీనియర్ వెయిట్లు, అంటే తెర మీద ఎంత దగ్గరుంటే అంత ఎక్కువ వాటా, 9/16, 3/16, 3/16, 1/16. మన పిక్సెల్ స్తంభానిది. నాలుగు శాంపిళ్లలో ఒక్కటే, 3/16 వెయిట్ ఉన్నది, స్తంభం మీదుంది. మిగతా మూడూ గోడ మీదున్నాయి. గోడ మీద కాంతి 0.8, స్తంభం మీద 0.2 అనుకోండి. మామూలు బైలీనియర్ 13/16 × 0.8 + 3/16 × 0.2 = 0.6875 ఇస్తుంది. రావాల్సింది 0.2. మీకు కనబడుతున్న చార ఇదే.

బైలేటరల్ పద్ధతిలో ప్రతి వెయిట్‌నీ 1/(0.01 + డెప్త్ తేడా)తో గుణిస్తాం. స్తంభం శాంపిల్‌కి తేడా 0, కాబట్టి గుణకం 100. గోడ శాంపిళ్లకి తేడా 6 మీటర్లు, గుణకం సుమారు 0.166. మొత్తం వెయిట్‌తో భాగించాక జవాబు 0.204 దాకా వస్తుంది. చార పోయింది. కోఫ్, ఆయన సహచరులు 2007లో జాయింట్ బైలేటరల్ అప్‌శాంప్లింగ్ పేరుతో ప్రచురించిన పద్ధతికి ఇది సరళమైన రూపం. సగం రిజల్యూషన్ యాంబియెంట్ అక్లూజన్ (మూలల్లో, సందుల్లో పడే మెత్తటి చీకటి) చేసే గేముల్లో దీని వారసులే ఏదో ఒక రూపంలో కనబడతాయి. 0.01 అన్నది మాత్రం నేను ఉదాహరణకి తీసుకున్న అంకె. నిజంగా వాడేటప్పుడు దాన్ని పిక్సెల్ డెప్త్‌కి అనుపాతంలో పెట్టండి, లేకపోతే దగ్గర బాగుండి దూరంలో చెడిపోతుంది.

అయితే ఈ పద్ధతికి దాటలేని గీత ఒకటుంది. స్తంభం ఒకే పిక్సెల్ వెడల్పున్న తీగ అయితే నాలుగు శాంపిళ్లూ గోడవే కావచ్చు. అప్పుడు నాలుగు గుణకాలూ సమానంగా చిన్నవే. భాగించగానే మళ్లీ 0.8 వచ్చేస్తుంది. ఉన్నవాటిలోంచి సరైనదాన్ని ఎంచుకోవడమే బైలేటరల్ చేయగలిగింది. లేని శాంపిల్‌ని అది సృష్టించలేదు. కాబట్టి అలాంటి చోట్ల అసలు శాంపిలే ఎక్కువ రిజల్యూషన్‌లో తీసుకోవాలి. నికల్స్, వైమన్ 2009లో మల్టీ-రిజల్యూషన్ స్ప్లాటింగ్ ప్రతిపాదించింది ఈ అవసరానికే: మొదట ముతక గడులతో మొదలుపెట్టి, గడిలో డెప్త్ గానీ నార్మల్ గానీ తెగిపోతే దాన్ని నాలుగుగా విడగొట్టి, ఒక్కో గడిని దాని స్థాయికి తగ్గ పొరలో ఒక్కసారే వెలిగించి, చివర్లో పొరలన్నీ కలపడం. మీరు కట్టిందీ ఇదే. తెగింది కనిపెట్టే పరీక్షలోనూ, పొరలు కలపడంలోనూ మీ రెండు సమస్యలున్నాయి.

నేల సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే దానికి చాలా చక్కని పరిష్కారం ఉంది. గడిలో గరిష్ఠ డెప్త్‌కీ కనిష్ఠ డెప్త్‌కీ తేడా త్రెషోల్డ్ దాటితే విడగొట్టమని మీరు చెప్పారు. వాలుగా చూసిన నేల మీద 16 పిక్సెళ్లలో డెప్త్ చాలా మీటర్లు మారుతుంది. కానీ అక్కడ తెగినదేమీ లేదు, అదంతా ఒకే సమతలం. మీరు అడగాల్సింది "డెప్త్ ఎంత మారింది" అని కాదు, "సమతలం నుంచి ఎంత తప్పింది" అని.

పర్‌స్పెక్టివ్ ప్రొజెక్షన్‌లో, ఒక సమతలం మీద 1/డెప్త్ అన్నది తెర మీద సరళరేఖలా మారుతుంది. హార్డ్‌వేర్ డెప్త్ బఫర్‌లో ఉండే విలువ ఈ 1/డెప్త్‌నే ఒక స్థిరాంకంతో గుణించి ఇంకో స్థిరాంకాన్ని కలిపినది. మీటర్లలో పోల్చాలంటే మనం తిట్టుకునే ఆ వంకర విలువ, సమతలాన్ని పరీక్షించడానికి మాత్రం అద్భుతంగా పనికొస్తుంది. మూడు వరస పిక్సెళ్లలో 1/డెప్త్ 0.050, 0.048, 0.046 అనుకోండి. మీటర్లలో అవి 20, 20.83, 21.74. మీటర్ల ఎడాలు 0.83, 0.91. సమానం కావు. 1/డెప్త్‌లో రెండు ఎడాలూ 0.002. సమతలం కాబట్టే సమానం. ఇప్పుడు మధ్య పిక్సెల్‌లో 18 మీటర్ల దగ్గర ఏదో వస్తువు అడ్డొచ్చిందనుకోండి. అక్కడ 1/డెప్త్ 0.0556. అటూ ఇటూ పిక్సెళ్ల సగటు 0.048 ఉండాలంటోంది. తప్పింది 0.0076. దాన్ని 18 × 20.83తో గుణిస్తే సుమారు 2.8 మీటర్లు, అంటే వస్తువు నేల కంటే ఎంత ముందుందో సరిగ్గా అంతే. త్రెషోల్డ్‌ని ఈ మీటర్ల అంకె మీద పెట్టండి.

ఇంప్లిమెంట్ చేయడం కష్టం కాదు. ఫుల్ రిజల్యూషన్‌లో ప్రతి పిక్సెల్‌కీ అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి ఈ తప్పుదలని (సమతలం నుంచి ఎంత తప్పిందో ఆ మీటర్ల అంకెని) లెక్కించి, రెంటిలో పెద్దదాన్ని రాయండి. తర్వాత దాని మీద గరిష్ఠ విలువల మిప్‌మ్యాప్ కట్టండి. ఏ స్థాయిలో చూసినా ఆ గడిలో ఎక్కడైనా తెగిందా అన్నదానికి ఒక్క టెక్స్‌చర్ రీడ్‌తో జవాబొస్తుంది. పాత మిన్-మ్యాక్స్ మిప్‌ని మాత్రం పారేయకండి. బాగా దూరంలో ఒక్క గడి పది మీటర్ల నేలని కప్పేయవచ్చు, సమతలమే అయినా అంత దూరంలో కాంతి మారిపోవచ్చు. అందుకని దాన్ని వదులైన రెండో పరిమితిగా ఉంచుకోండి.

మిప్‌మ్యాప్ అన్నాను కాబట్టి ఒక సంగతి సరిచూడండి. 1080ని సగం చేస్తూ పోతే 540, 270, 135. ఆ తర్వాత 67.5 కావాలి, మామూలు మిప్ పద్ధతి దాన్ని 67కి కోసేస్తుంది. కింది అంచులో ఒక వరస మీ పరీక్షకి కనబడకుండానే పోతుంది. 16 పిక్సెళ్ల గడులు వాడుతుంటే పిరమిడ్‌ని 1920×1088కి కట్టండి. 120×68 గడులు సరిగ్గా పడతాయి. తెర బయట మిగిలిన వరసల్లో తప్పుదల సున్నా పెట్టండి, మిన్-మ్యాక్స్‌లో వాటిని లెక్కలోకే తీసుకోకండి.

నార్మల్ పరీక్షకి మిన్-మ్యాక్స్ అవసరం లేదు. నార్మళ్లని మామూలుగా సగటు చేస్తూ మిప్ కట్టి, సగటు వెక్టర్ పొడవు చూడండి. గడిలో అన్నీ ఒకే దిక్కుకి ఉంటే పొడవు 1. గడిలో సగం నేల, సగం దానికి నిలువుగా ఉన్న గోడ ఉంటే 0.707. ఇక్కడ వాడాల్సింది జ్యామితి నార్మల్, నార్మల్ మ్యాప్ (చిన్న ఎగుడుదిగుళ్లని నటించే టెక్స్‌చర్) కలిపినది కాదు. కలిపినది వాడితే ప్రతి ఇటుక గోడా ఫుల్ రిజల్యూషన్‌కి పరిగెడుతుంది. అలాగైతే పరోక్ష కాంతిలో ఇటుకల ఎగుడుదిగుళ్లు కనిపించవు కదా అంటారు. నిజమే. దానికి మందు రిజల్యూషన్ పెంచడం కాదు. శాంపిల్‌లో ఒక్క కాంతి విలువకి బదులు మొదటి రెండు స్థాయిల స్ఫెరికల్ హార్మోనిక్స్ నిలవ చేయండి. రంగుకి 4 గుణకాల చొప్పున మొత్తం 12 అంకెలు. చివరి పాస్‌లో ఫుల్ రిజల్యూషన్ నార్మల్‌ని అందులో పెట్టి విలువ తీయండి. కాంతి ఎటు నుంచి వస్తోందో తక్కువ రిజల్యూషన్‌లో, ఉపరితలం ఎటు తిరిగిందో ఎక్కువ రిజల్యూషన్‌లో. నా మటుకు, ఈ మొత్తం విషయంలో పెట్టిన శ్రమకి ఎక్కువ ఫలితమిచ్చే మార్పు ఇదే. మెమరీ బ్యాండ్‌విడ్త్ పెరుగుతుంది, కానీ ముతక పొరల్లో శాంపిళ్లే తక్కువ కాబట్టి తట్టుకోవచ్చు.

ఇక గోడ మీది గళ్లు. మీ వివరణ చూస్తే ముతక పొరలోని విలువని దాని కింది పిక్సెళ్లన్నిటికీ ఉన్నదున్నట్టు కాపీ చేస్తున్నట్టుంది, లేదా బైలీనియర్ వాడినా పక్క గడి ఇంకో పొరలో ఉన్నప్పుడు ఈ పొరలోని ఖాళీ టెక్సెల్‌ని (టెక్స్‌చర్‌లోని ఒక చుక్కని) సున్నాగా కలుపుకుంటున్నట్టుంది. రెండోదే అయితే గడుల హద్దుల దగ్గర నల్లటి చారలు వస్తాయి. కలపడం రెండు దశల్లో చేయండి. మొదట సన్నని పొర నుంచి ముతక పొరకి వెళ్తూ, ముతక పొరలో ఖాళీగా ఉన్న చోట కింది నాలుగు విలువల సగటు నింపండి. తర్వాత ముతక నుంచి సన్ననికి దిగుతూ, సొంత శాంపిల్ ఉన్న చోట దాన్నే వాడి, లేని చోట పై పొర నుంచి పైన చెప్పిన బైలేటరల్ వెయిట్లతో తీసుకోండి. ఒక్కసారే 16 నుంచి 1కి దూకకుండా 16, 8, 4, 2, 1 అని దిగడం ముఖ్యం. గళ్లు కరిగిపోయేది ఆ మెట్ల వల్లే. మొదటి దశలో సగటు చేసిన గడి నిర్వచనం ప్రకారం తెగిన గడే కాబట్టి అందులో రెండు ఉపరితలాలు కలిసిపోయి ఉంటాయి. రెండో దశలో డెప్త్ వెయిట్లు లేకపోతే అదే మళ్లీ చారగా బయటికొస్తుంది.

గడిని ఏ బిందువు దగ్గర వెలిగిస్తున్నారన్నది కూడా చూడండి. నాలుగు పిక్సెళ్ల డెప్త్ సగటు తీస్తే, స్తంభానికీ గోడకీ మధ్య గాల్లో తేలే బిందువు వస్తుంది. అక్కడ ఉపరితలమే లేదు, దాని కాంతి ఎవరికీ పనికిరాదు. ఎప్పుడూ నిజంగా ఉన్న ఒక పిక్సెల్‌ని ప్రతినిధిగా ఎంచుకోండి. స్థిరమైన సగం రిజల్యూషన్ బఫర్లలో అయితే చదరంగం గళ్లలా ఒకదానికి దగ్గరి డెప్త్, పక్కదానికి దూరపు డెప్త్ ఎంచుకోవడం మంచిది. ముందున్న వస్తువుకీ వెనకున్నదానికీ ఏదో ఒక శాంపిల్ దగ్గర్లో దొరుకుతుంది.

దగ్గరి లైట్ల గురించి చెప్తానన్నాను. రిఫ్లెక్టివ్ షాడో మ్యాప్ ఫార్ములాలో భాగహారంలో దూరం నాలుగో ఘాతం ఉంటుంది. రెండు ఘాతాలు కాంతి తగ్గుదలవి, మిగతా రెండు పైనున్న రెండు డాట్ ప్రొడక్ట్‌లలో వెక్టర్లని నార్మలైజ్ చేయకపోవడం వల్ల వచ్చినవి. దూరం సున్నాకి చేరువైతే విలువ పేలిపోయి, గోడ మూలల్లో తెల్లటి మచ్చలు కనబడతాయి. జ్యామితి పరీక్షకి ఇవి దొరకవు, ఎందుకంటే తెగింది ఉపరితలం కాదు, ఇక్కడ కాంతే నిజంగా వేగంగా మారుతోంది. దూరం ఒక కనీస హద్దు కంటే తగ్గకుండా ఆపేయండి (క్లాంప్). మూలల్లో కొంత వెలుగు పోతుంది, కానీ మచ్చల కంటే అది నయం.

వేగం సంగతి. విడగొట్టడానికి జామెట్రీ షేడర్ (త్రిభుజాల్ని పుట్టించే జీపీయూ దశ) వాడకండి, కంప్యూట్ షేడర్‌లో (జీపీయూ మీద నడిచే సాధారణ లెక్కల ప్రోగ్రాంలో) ప్రతి స్థాయికీ ఒక పనుల జాబితా తయారుచేసి ఇన్‌డైరెక్ట్ డిస్పాచ్‌తో (ఎంత పనుందో జీపీయూయే చూసుకుని నడిపేలా) నడపండి. ఒక వేవ్‌లోని (జీపీయూ కలిపి నడిపే గుంపులోని) 32 లేదా 64 థ్రెడ్లూ ఒకే రకం పనిలో ఉంటాయి. ఆకులు, గడ్డి నిండిన దృశ్యంలో దాదాపు ప్రతి గడీ చివరి స్థాయిదాకా విడిపోతుంది, అప్పుడు ఫుల్ రిజల్యూషన్ ఖర్చుకి పిరమిడ్ ఖర్చు కూడా తోడవుతుంది. అలాంటి గేము అయితే విడగొట్టడాన్ని 2×2 దగ్గరే ఆపేసి, మిగిలిన లోపాన్ని టెంపోరల్ ఫిల్టర్‌కి (గత ఫ్రేములతో కలిపి నునుపు చేసేదానికి) వదిలేయండి. కెమెరా కదిలినప్పుడు ఒకే గడి ఒక ఫ్రేములో విడిపోయి ఇంకో ఫ్రేములో కలిసిపోతే మిణుకుమిణుకు వస్తుంది. విడగొట్టడానికి ఒక త్రెషోల్డ్, తిరిగి కలపడానికి అంతకంటే తక్కువది ఇంకొకటి పెడితే అది చాలావరకు తగ్గుతుంది.

స్పెక్యులర్‌ని (అద్దంలా తళుక్కుమనే ప్రతిబింబ కాంతిని) మాత్రం ఇందులో కలపకండి. నున్నటి ఉపరితలం అర్ధగోళాన్ని కలిపి చూడదు, సన్నని కోణంలోనే చూస్తుంది. మొదట్లో చెప్పిన కారణం దానికి వర్తించదు. ప్రత్యక్ష కాంతి నీడలూ అంతే, వాటి గీత నిజంగా కాంతిలోనే ఉంది. బాగా గరుకైన ఉపరితలాల స్పెక్యులర్‌ని కావాలంటే సగం రిజల్యూషన్‌లో పెట్టుకోవచ్చు.

రేడియెన్స్ క్యాస్కేడ్స్‌కి మారిపోవాలా అని కూడా అడిగారు. అలెగ్జాండర్ సన్నికోవ్ పాత్ ఆఫ్ ఎక్సైల్ 2 కోసం రూపొందించిన ఆ పద్ధతి కూడా ఈ ఆలోచనకి దగ్గరి చుట్టమే. దగ్గరి కాంతికి ఎక్కువ ప్రోబ్‌లు (కాంతిని కొలిచే బిందువులు), తక్కువ దిక్కులు. దూరపు కాంతికి తక్కువ ప్రోబ్‌లు, ఎక్కువ దిక్కులు. అంటే రిజల్యూషన్‌ని స్థానానికీ దిక్కుకీ మధ్య పంచుకోవడం. 2010లో కప్లన్యాన్, డాక్స్‌బాకర్ ప్రచురించిన లైట్ ప్రొపగేషన్ వాల్యూమ్స్‌లో కెమెరా చుట్టూ ఒకదానిలో ఒకటి ఇమిడే గ్రిడ్లు, 2011లో క్రాసిన్ బృందం చేసిన వోక్సెల్ కోన్ ట్రేసింగ్‌లో (దృశ్యాన్ని చిన్న ఘనాలుగా చేసి శంకువులతో వెతికే పద్ధతిలో) కోన్ వెడల్పుని బట్టి మిప్ స్థాయి ఎంచుకోవడం కూడా ఇలాంటివే. పరోక్ష కాంతికి అడ్డుపడే వస్తువుల నీడలు మీకు తప్పనిసరి అయితే అటు వెళ్లడంలో అర్థముంది, మీ ఇప్పటి వీపీఎల్ లెక్కలో ఆ నీడలు అసలు లేవు. అది అవసరం లేకపోతే ఉన్నదాన్ని సరిచేసుకోవడమే తక్కువ పని.

మార్పులు మొదలుపెట్టే ముందు ఫుల్ రిజల్యూషన్ 256 లైట్ల వెర్షన్‌ని ఎంత నెమ్మదైనా సరే ఒక బటన్ వెనక ఉంచుకోండి. కెమెరా ఆపి, తెల్ల ఆల్బెడోతో, రెండు వెర్షన్ల తేడాని 8తో గుణించి తెర మీద చూపించండి. పక్కన ఇంకో వ్యూలో ప్రతి గడిని దాని స్థాయి రంగుతో చూపించండి. సమతలం పరీక్ష సరిగ్గా కుదిరితే నేల మొత్తం ముతక స్థాయి రంగులోకి మారి, వస్తువుల అంచుల వెంట మాత్రమే సన్న గడుల గీతలు మిగులుతాయి. అక్కడిదాకా వచ్చాక కూడా తేడా వ్యూలో అంచులు వెలుగుతుంటే కలపడంలో వెయిట్లు చూడండి, గడుల మధ్యలో వెలుగుతుంటే ప్రతినిధి పిక్సెల్ ఎంపిక చూడండి.